జిమ్ముకి వెళ్ళని రోజు: ఎప్పుడు ఆగాలి, ఎలా ఆగాలి

పొద్దున్నే అయిదింటికి మా పాలకొల్లు కాలవ గట్టు మీదకి వస్తే కనీసం పాతిక మంది కుర్రాళ్ళు పరిగెడుతూ కనిపిస్తారండి. సగం మంది కానిస్టేబుల్ ఈవెంట్సుకి, అంటే ఉద్యోగానికి పెట్టే పరుగు పరీక్షలకి, మిగతావాళ్ళు ఆర్మీలో అగ్నివీర్‌కి. అందరిదీ ఒకటే లెక్క, 1600 మీటర్లు. రోజూ అదే దూరం, రోజూ ఫుల్ స్పీడు, చేతిలో ఫోన్లో స్టాప్‌వాచ్. మొన్న ఒక కుర్రాడు తూము దగ్గర ఆగిపోయి, ట్రాక్ ప్యాంటు పైకి లాక్కుని, మోకాలి కింద ముందువైపు ఎముకని బొటనవేలితో నొక్కుకుంటున్నాడు. ఎన్నాళ్ళ నుంచి తమ్ముడూ అనడిగాను. "మూడు వారాలైందన్నా, స్ప్రే కొట్టుకుని వచ్చేస్తున్నా, ఒక్క రోజు మానేస్తే టైమింగ్ పోద్ది" అన్నాడు.

రెండేళ్ళ కిందట ఇదే గట్టు మీద నేనూ ఇదే మాట అన్నాను, అందుకే ఇంటికొచ్చి ఇది రాయడం మొదలెట్టాను. రెస్ట్ తీసుకో అని అందరూ అంటారు గానీ ఎన్ని రోజులు తీసుకోవాలి, ఏ రోజు తీసుకోవాలి, ఆ రోజు కాళ్ళు చాపుకుని పడుకోవాలా నడవాలా, అన్నం తినాలా మానాలా, ఇవి కూర్చోబెట్టి ఎవరూ చెప్పరు.

ముందు నా సంగతి చెప్తాను. అప్పటికి నాకు 38 ఏళ్ళు, ఎరువుల షాపులో లెక్కలు చూస్తాను, రోజంతా కుర్చీలోనే. బరువు 84 కేజీలకి వచ్చేసింది, టెస్టు చేయిస్తే షుగర్ బోర్డర్లో ఉందన్నారు, భయమేసి అన్నీ ఒకేసారి మొదలెట్టేశాను. సాయంత్రం వారానికి ఆరు రోజులు జిమ్ము, పొద్దున్న ఏడు రోజులూ గట్టు మీద అయిదు కిలోమీటర్ల పరుగు. మొదటి రెండు నెలలూ బ్రహ్మాండంగా నడిచింది, ప్యాంట్లు వదులయ్యాయి, ఊళ్ళో అందరూ ఏం చేస్తున్నారండీ అనడగడం మొదలెట్టారు. మూడో నెల నుంచి తేడా కొట్టింది. 70 కేజీలు భుజాన వేసుకుని అయిదు స్క్వాట్లు తీసేవాడిని, 60కే కాళ్ళు వణికేవి. రాత్రి రెండింటికి మెలకువ వచ్చేసి తెల్లారేదాకా ఫ్యాను వంక చూస్తూ పడుకునేవాడిని, పిల్లలు పెన్సిల్ కింద పడేసినా కసురుకునేవాడిని. కుడికాలు ఎముక మీద రూపాయి బిళ్ళంత చోట వేలు పెడితే ప్రాణం పోయేది. జిమ్ములో అడిగితే, రెస్ట్ తీసుకుంటే బాడీ కరిగిపోద్ది, ప్రోటీన్ డబ్బా మార్చి చూడండి అన్నారు. మార్చాను కూడా. డబ్బులు పోయాయి, నొప్పి అక్కడే ఉంది.

అసలు విషయం నాకు అర్థమయ్యేలా చెప్పింది మా చినమావయ్య. ఆయనకి భీమవరం దగ్గర రొయ్యల చెరువులున్నాయి. ఒక ఆదివారం వెళ్తే పట్టుబడి అయిపోయి చెరువు ఖాళీగా ఉంది, నీళ్ళన్నీ తోడేశారు, అడుగంతా నెర్రెలిచ్చింది, కూలీలు నల్లమట్టి గీకి గట్టు మీదకి మోస్తున్నారు. రేటు బాగుంది కదా మావయ్యా, వెంటనే రొయ్యపిల్ల వదిలెయ్యొచ్చుగా, ఖాళీగా ఎందుకు అన్నాను. ఆయన కిందకి వంగి ఒక బెడ్డ తీసి నా చేతిలో పెట్టాడు. పైన తెల్లగా ఎండిపోయి ఉంది, విరిస్తే లోపల నల్లగా, కుళ్ళిపోయిన గుడ్డు వాసన. "ఇది బాగా ఎండి, గాలి తగిలి, సున్నం పడితేనే అల్లుడూ ఇది మళ్ళీ చెరువయ్యేది. దీని మీదే నీళ్ళు పెట్టేసి పిల్ల వదిలినోళ్ళు రొయ్య ఎదగకుండానే నలభయ్యో రోజునే వల వేసేసుకున్నారు. ఖాళీగా ఉందనుకుంటున్నావు గానీ వచ్చే పంటకి పనంతా ఇప్పుడే జరుగుతుంది" అన్నాడు.

ఆ బెడ్డ చేతిలో పట్టుకుని నా కాలు గురించే ఆలోచిస్తూ ఇంటికొచ్చాను. తర్వాత చదివినవీ, డాక్టర్ని అడిగి తెలుసుకున్నవీ, నా మీద నేను చేసి చూసినవీ కలిపి చెప్తున్నాను.

లోపల ఏం జరుగుద్ది

బరువు ఎత్తుతున్నప్పుడు కండ పెరగదండి, అప్పుడు కండ అలిసిపోయి అక్కడక్కడా పోగులు చిన్న చిన్నగా దెబ్బతింటాయి, కండలో దాచుకున్న గ్లైకోజెన్, అంటే తిన్న అన్నంలోంచి దాచుకున్న ఇంధనం, ఖర్చయిపోద్ది. ఆ తర్వాత సుమారు 24 నుంచి 48 గంటల పాటు ఒళ్ళు కొత్త ప్రోటీన్ కట్టే పనిని మామూలు కన్నా ఎక్కువ స్పీడుగా చేసుద్ది, ఇదివరకు ఉన్న చోటికి కాకుండా ఇంకాస్త పైకి కడుద్ది. ఆ కట్టుబడి మధ్యలోనే మళ్ళీ అదే కండ మీద అదే బరువు పడేస్తే కట్టింది కట్టినట్టు కూలుద్ది. గ్లైకోజెన్ కూడా అంతే, కడుపునిండా అన్నం తింటే దాదాపు ఒక రోజులో నిండుద్ది, తినకపోతే సగం ట్యాంకుతోనే మర్నాడు గట్టు మీద పరిగెడతాం.

కండ కన్నా జాగ్రత్తగా చూసుకోవాల్సింది ఎముకనీ టెండన్‌నీ, అంటే కండని ఎముకకి పట్టి ఉంచే తాడుని. టెండన్‌కి రక్తం తక్కువ అందుద్ది, కండ రెండు నెలల్లో గట్టిపడితే ఈ రెండూ ఇంకా చాలా నెలలు తీసుకుంటాయి. అందుకే కొత్తగా మొదలెట్టినవాళ్ళకి సరిగ్గా ఊపిరి అందడం మొదలెట్టి, ఇప్పుడు ఇరగదీసేద్దాం అనుకునే టైములోనే కాలు పట్టుకుంటుంది. పరుగు దెబ్బ పడిన చోట ఎముక ముందు పాతదాన్ని తొలిచేసుకుని తర్వాత కొత్తది పోసుకుంటుంది, ఆ మధ్యలో కొన్ని వారాలు ఆ చోటు ముందున్న దానికన్నా బలహీనంగా ఉంటది. స్లాబ్ వేసి క్యూరింగ్ అవ్వకుండానే సెంట్రింగ్ విప్పి పైన ఇటుకలు పేర్చం కదండీ, ఇదీ అంతే.

ఒళ్ళు నొప్పుల గురించి కూడా ఒక మాట. లాక్టిక్ ఆసిడ్ పేరుకుపోయింది, మళ్ళీ పరిగెడితే కరిగిపోద్ది అని గట్టు మీద చెప్పే మాట నిజం కాదు, అది గంట లోపలో కాస్త అటూ ఇటూగానో రక్తంలోంచి పోద్ది. మర్నాడూ మూడో రోజూ వచ్చే నొప్పి పోగులు దెబ్బతిన్నందువల్ల, అక్కడ వాపు వచ్చినందువల్ల. 24 నుంచి 72 గంటల మధ్యలో ఎక్కువగా ఉంటది. ముఖ్యంగా బరువు కిందకి దించేటప్పుడు, మెట్లు దిగేటప్పుడు ఎక్కువ దెబ్బ తగులుద్ది. మొక్కు ఉందని అన్నవరం మెట్లెక్కి దిగినోళ్ళకి మర్నాడు తొడలు పట్టేసేది ఎక్కినందుకన్నా దిగినందుకే ఎక్కువ.

వారంలో ఎన్ని రోజులు, ఏయే రోజులు

కొత్తవాళ్ళయితే వారానికి మూడు రోజులు ఒళ్ళంతా కలిపి చేసేయండి, సోమ బుధ శుక్ర, మధ్యలో రోజు విడిచి రోజు ఆటోమేటిగ్గా రెస్ట్ వచ్చేసుద్ది. మంగళ గురు శని నడక, ఆదివారం ఏమీ లేదు. ఆరు నెలలు దాటి అలవాటైనవాళ్ళు నాలుగు రోజులకి వెళ్ళొచ్చు, సోమవారం నడుము పై భాగం, మంగళవారం కాళ్ళు, బుధవారం ఆపేసి, గురు శుక్ర మళ్ళీ అదే, శనివారం నడక, ఆదివారం ఖాళీ. నేను ఇప్పుడు చేసేది ఇదే. ఆరు రోజులు వెళ్ళే అలవాటు ఉన్నవాళ్ళని మానెయ్యమనను గానీ ఒకే కండ మీద గట్టిగా చేసిన తర్వాత 48 గంటలు దాన్ని ముట్టుకోకుండా చూసుకోండి, ఒక్క రోజు మాత్రం పూర్తిగా వదిలెయ్యండి. యాభై దాటినవాళ్ళు ఆ 48ని 72 చేసుకోండి, అప్పుడు తేరుకోడానికి ఎక్కువ టైము పడుద్ది, ఇందులో నామోషీ ఏమీ లేదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన సూచనల్లో కూడా పెద్దవాళ్ళకి వారానికి 150 నుంచి 300 నిమిషాలు ఓ మోస్తరు వ్యాయామం, కనీసం రెండు రోజులు కండలకి పని అన్నారు. రోజూ ఒళ్ళు హూనం చేసుకోమని ఎక్కడా లేదు.

రన్నింగ్ కుర్రాళ్ళకి, ఇది బాగా గుర్తుపెట్టుకోండి తమ్ముళ్ళూ. వారంలో గట్టిగా పరిగెత్తే రోజులు రెండు, మహా అయితే మూడు, అవి పక్కపక్కన ఉండకూడదు. ఒక రోజు 400 మీటర్లు స్పీడుగా, మధ్యలో ఆగుతూ నాలుగయిదు సార్లు. ఇంకో రోజు కాస్త దూరం, స్పీడు తగ్గించి. మిగతా రోజుల్లో ఒకటో రెండో పక్కవాడితో మాట్లాడుతూ పరిగెత్తగలిగేంత మెల్లగా. కనీసం ఒక రోజు, కొత్తవాళ్ళయితే రెండు రోజులు గట్టు మొహమే చూడొద్దు. స్టాప్‌వాచ్ పెట్టి 1600 ఫుల్లుగా కొట్టడం రెండు వారాలకి ఒకసారి చాలు. రోజూ టైము చూసుకోవడమంటే వరి మొక్క పెరిగిందో లేదో అని రోజూ పీకి చూసుకోవడమే.

రెస్ట్ రోజు ఏది పెట్టుకోవాలి అంటే, మీ ఇంట్లో ఇప్పటికే ఉన్న పద్ధతి చూసుకోండి. శనివారం ఒంటిపూట ఉండేవాళ్ళు, కార్తీక మాసంలో సోమవారాలు ఉపవాసం ఉండేవాళ్ళు, ఆ రోజే రెస్ట్ పెట్టేసుకోండి. ఖాళీ కడుపుతో కాళ్ళ వర్కౌట్ చేసి కళ్ళు తిరిగి పడిపోయిన మనిషిని మా జిమ్ములో నా కళ్ళారా చూశాను. రంజాన్‌లో ఉపవాసం ఉండేవాళ్ళు ఆ నెలంతా బరువులు తగ్గించుకుని, ఇఫ్తార్ అయ్యాక కాసేపు ఆగి తేలిగ్గా చేసుకుంటే బాగుంటది.

ఒళ్ళొంచి పనిచేసేవాళ్ళ సంగతి వేరు, వీళ్ళకి ఎవరూ ప్లాను రాయరు. రైసు మిల్లులో ముఠా పనికి వెళ్ళేవాళ్ళు 75 కేజీల బస్తాలు మోసొచ్చి సాయంత్రం మళ్ళీ జిమ్ములో నడుముకి బరువులు ఎత్తుతుంటే నాకు నిజంగా బాధేసుద్ది, ఆ పొద్దున్న మోసిందే వర్కౌట్ అండి, దాన్ని లెక్కలో వేసుకోవాలి. కోనసీమలో కొబ్బరి దింపుకి వెళ్ళేవాళ్ళూ అంతే, నాట్ల రోజుల్లో నడుము వంచి నిలబడే ఆడవాళ్ళూ అంతే. పని ఎక్కువున్న వారం జిమ్ము మానెయ్యండి, పని లేని వారం వెళ్ళండి.

మా బావమరిది చెరువుల దగ్గర నైట్ డ్యూటీ చేస్తాడు. తెల్లారుజామునే నీళ్ళలో ఆక్సిజన్ బాగా పడిపోద్ది కాబట్టి నీళ్ళలో గాలి కలిపే ఏరియేటర్లు తిరుగుతున్నాయో లేదో, కరెంటు పోతే జనరేటర్ అందుకుందో లేదో చూస్తూ కూర్చోవాలి, కన్ను మూసేది లేదు. అలా చేసి పొద్దున్న ఆరింటికి తిన్నగా జిమ్ముకి వచ్చేసేవాడు. రెండు నెలల్లో భుజం పట్టేసింది. ఇప్పుడు డ్యూటీ దిగి ఇంటికెళ్ళి పడుకుని సాయంత్రం నాలుగింటికి వస్తున్నాడు, వరసగా మూడు నైట్లు పడితే ఆ వారం రెండు రోజులే వస్తున్నాడు, భుజం బాగుంది.

ఆ రోజు ఏం చెయ్యాలి, ఏం తినాలి

రెస్ట్ రోజంటే మంచం దిగకూడదని కాదు. పూర్తిగా ఒళ్ళు పడిపోయినట్టుంటే పడుకోండి, తప్పులేదు. లేకపోతే అరగంట నడవండి, మాట్లాడుతూ నడవగలిగేంత మెల్లగా, చెమట కొంచెం పట్టీ పట్టనట్టు. సైకిల్ మీద సంతకి వెళ్ళి రండి. కాళ్ళూ చేతులూ కాసేపు సాగదీసుకోండి. రక్తం ఆడుద్ది, పట్టేసిన కండ కొంచెం వదులవుద్ది. నూనె రాయించుకుని వేడినీళ్ళ స్నానం చేస్తే హాయిగా ఉంటది, నొప్పి కాస్త తగ్గినట్టుంటది, అందులో కండ కట్టే మహిమేమీ లేకపోయినా మంచి నిద్ర పడుద్ది కాబట్టి నేను నెలకి రెండుసార్లు చేస్తాను.

ఆదివారం క్రికెట్ మాత్రం రెస్ట్ కాదు. ఎండలో రెండు మ్యాచులు ఆడేసి, బౌలింగ్ వేసేసి, సోమవారం భుజం నొప్పంటే ఎలా. ఆడండి, కానీ దాన్ని వర్కౌట్ రోజుగా రాసుకుని రెస్ట్ సోమవారానికి జరుపుకోండి.

తిండి దగ్గర నేను చేసిన తప్పు చాలామంది చేస్తున్నారు, ఈ రోజు జిమ్ము లేదు కదా అని అన్నం పూర్తిగా మానేసి రెండు చపాతీలతో సరిపెట్టడం. రిపేరు జరిగే రోజు అదే, ఆ రోజే సరుకు ఆపేస్తే ఎలాగండీ. అన్నం ఒక గరిటె తగ్గించండి చాలు, పక్కన ప్రోటీన్ మాత్రం అలాగే ఉండాలి. బరువులు ఎత్తేవాళ్ళకి కేజీ ఒంటి బరువుకి సుమారు 1.6 గ్రాములు సరిపోద్ది అంటారు, అంటే 70 కేజీల మనిషికి దాదాపు 110 గ్రాములు. ఒక గుడ్డులో 6 గ్రాముల దాకా ఉంటది, 100 గ్రాముల చేపలో 18 నుంచి 20 దాకా ఉంటది. శీలావతో బొచ్చో మన దగ్గర దొరకని ఊరు లేదు, పులుసు పెట్టుకున్నా ప్రోటీన్ ఎక్కడికీ పోదు. తిననివాళ్ళకి పెసరట్టు, పప్పు, పెరుగు, సెనగలు, పనీరు. సున్నుండలు మంచివే గానీ నెయ్యీ బెల్లం ఉంటాయి కాబట్టి నాలా షుగర్ బోర్డర్లో ఉన్నవాళ్ళు ఒకటి దగ్గర ఆగండి. కిడ్నీ సమస్య ఉన్నవాళ్ళు మాత్రం డాక్టర్ని అడక్కుండా ప్రోటీన్ పెంచకండి.

నీళ్ళ దగ్గరికొస్తే, మనకి కొబ్బరినీళ్ళకి లోటు లేదు కాబట్టి అన్నిటికీ అదే మందనుకుంటాం. అందులో పొటాషియం బాగా ఉంటది, ఉప్పు తక్కువ. చెమటలో ఎక్కువ పోయేది ఉప్పే. గంట పైన చెమటోడ్చినప్పుడు ఉప్పేసిన పల్చటి మజ్జిగ మేలు, మరీ నీరసపడితే ఓఆర్ఎస్ ప్యాకెట్ దాని మీద రాసినంత నీళ్ళలోనే కలుపుకుని తాగండి.

నిద్ర లేకపోతే పైన చెప్పినవన్నీ వృథా. పెద్దవాళ్ళకి 7 నుంచి 9 గంటలు, ఇంటర్ చదివే వయసు పిల్లలకి ఇంకొంచెం ఎక్కువ. ఒళ్ళు బాగుచేసుకునే గ్రోత్ హార్మోన్ ఎక్కువగా వచ్చేది రాత్రి మొదటి భాగంలో పట్టే గాఢనిద్రలో. దోమలు కుడుతుంటే గాఢనిద్ర ఎక్కడిది, కాలవ పక్క ఊళ్ళలో ఉండేవాళ్ళం దోమతెర కట్టుకోవాల్సిందే, నేను జిమ్ము కోసం కొన్నవాటిలో బాగా పనికొచ్చింది ఆ దోమతెరే. శనివారం రాత్రి మందు తాగి ఆదివారం రెస్ట్ అనుకుంటే అది రెస్ట్ కిందకి రాదు, మందు నిద్రని ముక్కలు చేసుద్ది, కండ కట్టుబడినీ తగ్గించేసుద్ది.

ఎండాకాలం మనకి ఇంకో తంటా ఉంది, ఎండ ఒక్కటే కాదు ఉక్కపోత. గాల్లో తేమ ఎక్కువై చెమట ఆరదు, ఆరని చెమట ఒంటిని చల్లబరచదు, గుండె ఎక్కువసార్లు కొట్టుకోవాలి. మార్చిలో తేలిగ్గా చేసిన పరుగే మేలో బరువైపోద్ది. వేడికి ఒళ్ళు అలవాటు పడ్డానికి 10 నుంచి 14 రోజులు పడుద్ది కాబట్టి ఎండలు ముదిరిన మొదటి రెండు వారాలూ దూరం తగ్గించి, రెస్ట్ రోజు ఇంకొకటి కలుపుకోండి.

ఆగాల్సిన టైము ఎలా తెలుసుద్ది

దీనికి వాచీలూ యాపులూ అక్కర్లేదు. పొద్దున్న మెలకువ రాగానే, మంచం దిగకముందే, మణికట్టు దగ్గర రెండు వేళ్ళు పెట్టి నిమిషం పాటు నాడి లెక్కపెట్టుకుని పుస్తకంలో రాసుకోండి. వారం రాస్తే మీ మామూలు ఎంతో తెలిసిపోద్ది. నాది 62, 63. ఆ చెడ్డ నెలలో రాసుకుని ఉంటే బాగుండేది, తర్వాత ఒకసారి వరసగా షాపులో స్టాకు లెక్కలు పడి నిద్ర చాలనప్పుడు 71కి వచ్చింది, ఆ రోజు జిమ్ము మానేసి పడుకున్నాను, మూడో రోజుకి మళ్ళీ 63. ఒక్క రోజు పెరిగితే కంగారు పడక్కర్లేదు. రెండు మూడు రోజులు వరసగా ఏడెనిమిది ఎక్కువ ఉండి, దానికి తోడు బరువులు వెనక్కి వెళ్తూ, నిద్ర పట్టక, ఇంట్లోవాళ్ళ మీద చిరాకు పడుతున్నారంటే మాత్రం రెండు రోజులు ఆగండి. చిరాకు సంగతి మనకి తెలియదు, ఇంట్లోవాళ్ళకి ముందు తెలుసుద్ది. మా ఆవిడ నన్ను చూసి "రేపు వెళ్ళకండి" అందంటే ఇప్పుడు నేను వెళ్ళను.

నొప్పుల్లో తేడా తెలుసుకోండి. రెండు తొడలూ బరువుగా, మొద్దుగా, కాసేపు కదిలితే తగ్గుతూ ఉంటే అది కండ నొప్పి, మూడు నాలుగు రోజుల్లో పోద్ది. ఒకే కాలు, ఒకే చోట, వేలుతో చూపించగలిగేంత చిన్న చోట, ఎముక మీద, పరిగెత్తేకొద్దీ పెరుగుతూ, రాత్రిపూట కూడా లాగుతుంటే అది ఎముకకి సంబంధించింది. అప్పుడు పరుగు ఆ క్షణమే ఆపి ఎముకల డాక్టర్ దగ్గరికి వెళ్ళండి. మొదట్లో ఎక్స్‌రేలో సన్నటి పగులు కనపడకపోవచ్చు, ఎక్స్‌రే బాగుందని మళ్ళీ పరుగెత్తేయకండి. నాకు డాక్టర్ ఆరు వారాలు పరుగు వద్దన్నారు, నడకా సైకిలూ ఫర్వాలేదన్నారు. అప్పటికి వారంలో రెండు రోజులు ఆగి ఉంటే ఆ ఆరు వారాలు మిగిలేవి.

నొప్పి తెలియకుండా బిళ్ళ వేసుకునో ఇంజక్షన్ చేయించుకునో పరిగెత్తడం చాలా ప్రమాదమండి. నొప్పి తెలియదు, దెబ్బ మాత్రం పడుతూనే ఉంటది, పైగా చెమట పోయి నీళ్ళు తగ్గిన ఒంటికి ఆ బిళ్ళలు కిడ్నీల మీద పడతాయి. ఇంకొకటి, చాలా గ్యాప్ తర్వాత ఒకేసారి విపరీతంగా చేసి, కండలు వాచిపోయి, మూత్రం కూల్‌డ్రింక్ రంగులో ముదురుగా వస్తే ఇంట్లో కూర్చోకండి, వెంటనే ఆసుపత్రికి వెళ్ళండి. కండ చితికి రక్తంలో కలిసి కిడ్నీలని దెబ్బతీసే స్థితి అది.

తగ్గించే వారం, పండగలు, జ్వరాలు

వేసవిలో దాళ్వా, అంటే రెండో పంట వరి, కోతలయ్యాక కాలవలు కట్టేస్తారు కదా. నీళ్ళుంటే గుర్రపుడెక్క తియ్యలేరు, పూడిక తియ్యలేరు, లాకులు రిపేరు చెయ్యలేరు. మన వర్కౌట్‌కి కూడా నాలుగు నుంచి ఆరు వారాలకి ఒకసారి అలాంటి వారం ఒకటి పెట్టుకోండి. పూర్తిగా మానెయ్యక్కర్లేదు, సెట్లు సగం చేసి, బరువు కాస్త తగ్గించి, టెక్నిక్ సరిచూసుకుంటూ చెయ్యాలి. పరుగైతే దూరం సగం. నేను మొదటిసారి ఈ వారం పెట్టినప్పుడు అపరాధం చేసినట్టు ఉండేది, వారం తిరిగి వచ్చి 70 పెడితే అయిదు కాదు ఏడు లేచాయి.

సంక్రాంతికి దీన్ని కలిపేసుకోవచ్చు. భోగి, పెద్దపండగ, కనుమ, ముక్కనుమ, అల్లుళ్ళు కూతుళ్ళు ఇంటినిండా ఉంటే జిమ్ము ఎక్కడ, అరిసెలు మానేది ఎక్కడ. కంగారు పడకండి, నాలుగయిదు రోజుల్లో బలం ఎక్కడికీ పోదు. అలవాటున్నవాళ్ళకి బలం రెండు మూడు వారాల దాకా దాదాపు అలాగే ఉంటది, ఊపిరి దమ్ము రెండు వారాలు దాటాక తగ్గడం మొదలెడుద్ది. పండగ ముందు రోజే ఎక్కువ చేసేసి పండగ తర్వాత రోజే ఎక్కువ చేసేసి సరిచేద్దామనుకోవడమే దెబ్బలకి దారి.

వానాకాలం జ్వరాలకి మాత్రం ఖచ్చితమైన లెక్క ఉండాలి. జ్వరం ఉన్న రోజు ఒక్క పుషప్ కూడా వద్దు. బిళ్ళ వేసుకోకుండానే జ్వరం తగ్గి, తిండి మామూలుగా తింటూ, మెట్లెక్కితే ఆయాసం లేదనుకున్నాక, మొదటి మూడు రోజులు నడక, తర్వాత వారం సగం బరువులు. డెంగ్యూలాంటివి వచ్చి తగ్గినవాళ్ళు, గుండెల్లో నొప్పో దడో ఉన్నవాళ్ళు డాక్టర్ సరే అన్నాకే మొదలెట్టండి.

మన అమలాపురం కుర్రాడు సాత్విక్‌సాయిరాజ్ రంకిరెడ్డి 2022 కామన్వెల్త్ గేమ్స్‌లో చిరాగ్ శెట్టితో కలిసి డబుల్స్ గోల్డ్ తెచ్చాడు. ఆ స్థాయిలో ఆడేవాళ్ళ చుట్టూ ఎప్పుడు ఆడాలో ఎప్పుడు ఆగాలో చెప్పే కోచ్‌లూ ఫిజియోలూ ఉంటారు. గట్టు మీద పరిగెత్తే మనకి ఆ పని మనమే చేసుకోవాలి, అందుకే నేను కిరాణా షాపువాళ్ళిచ్చిన క్యాలెండర్లో రెస్ట్ రోజులకి ముందే నెలంతా ఎర్ర పెన్నుతో సున్నా చుట్టేస్తాను, ఆ రోజు ఎవరు రమ్మన్నా కుదరదని చెప్తాను.

చివరిగా ఈవెంట్ దగ్గరపడిన కుర్రాళ్ళ కోసం. ఆఖరి వారంలో కొత్త బలం ఏదీ రాదు, ఉన్న అలసట దిగడానికే ఆ వారం. ఏడు రోజుల ముందు ఒకసారి గట్టిగా కొట్టండి. తర్వాత మామూలుగా పరిగెత్తే దూరంలో సగం కన్నా తక్కువ, నాలుగు రోజుల ముందు 200 మీటర్లు రెండు మూడు సార్లు కాస్త స్పీడుగా, కాళ్ళు మర్చిపోకుండా. రెండు రోజుల ముందు పూర్తిగా ఖాళీ. ముందు రోజు పదిహేను నిమిషాలు మెల్లగా జాగింగ్, అంతే. ఆ రెండు రోజులూ అన్నం బాగా తినండి, కొత్త తిండేదీ పెట్టుకోకండి, కొత్త బూట్లు అసలే వద్దు. గ్రౌండు కాకినాడలోనో ఏలూరులోనో పడితే ముందు రోజు మధ్యాహ్నానికే చేరిపోయి చుట్టాలింట్లోనో లాడ్జిలోనో పడుకోండి. రాత్రి బస్సెక్కి కూర్చుని నిద్రపోయి తెల్లారి అయిదింటికి దిగి లైన్లో నిలబడకండి, కాళ్ళు పట్టేసి ఉంటాయి.